సీలెంట్‌కు డబ్బు కట్టాను, వ్యాక్స్ పూసి పంపారు: హైదరాబాద్ కారు యజమానులకు ఒక హెచ్చరిక

కారు పెయింట్‌కు రక్షణగా వ్యాక్స్ వేయించాలా, సీలెంట్ వేయించాలా అని ఆలోచిస్తున్నవారు డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి చదవాలని కోరుతున్నాను. మార్చి చివరి వారంలో నేను, ఆరు నెలలు నిలుస్తుందని చెప్పిన సీలెంట్ ప్యాకేజీకి 6,500 రూపాయలు చెల్లించాను. నా కారుకు నిజంగా పూసింది గీతలను కొన్నాళ్లపాటు కప్పిపెట్టే నూనెలు కలిసిన వ్యాక్స్ అని తెలిసేసరికి రెండు నెలలు గడిచిపోయాయి, బానెట్ మీద ఇక పూర్తిగా పోని మచ్చ ఒకటి మిగిలిపోయింది. దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. ఏ ప్రాంతంలో ఏ దుకాణానికి వెళ్లినా ఇదే పద్ధతి ఎదురైతే మీరు గుర్తుపట్టగలగాలన్నదే నా ఉద్దేశం, అందుకే జరిగినదంతా వివరంగా చెబుతున్నాను.

మేము మల్కాజిగిరిలో ఉంటాం. మా అపార్ట్‌మెంటుకు సెల్లార్ పార్కింగ్ సరిపడా లేదు కాబట్టి నాలుగేళ్ల నా ముదురు నీలం రంగు కారు రోడ్డు పక్కన కానుగ చెట్టు కింద ఉంటుంది. ఉదయం పదకొండు దాటితే ఆ నీడ పక్క ఇంటి గోడ మీదికి పోతుంది, ఆ తరువాత సాయంత్రం దాకా ఎండే. చెట్టు నుంచి రాలే జిగురు, పావురాల రెట్టలు, వీధి చివర కట్టే భవనం నుంచి వచ్చే సిమెంటు దుమ్ము, వీటన్నిటికీ తోడు కడగడానికి ఉన్నది బోరు నీళ్లు. ఆ నీళ్లలో సున్నం ఎంత ఉంటుందో ఎండలో కడిగి తుడవకుండా వదిలేసిన బండి అద్దాలు చూస్తే తెలుస్తుంది. ఇలాంటి చోట వ్యాక్స్ నిలవదని, సీలెంట్ వేయించాలని నేను ముందే నిర్ణయించుకుని వెళ్లాను. ఆ నిర్ణయంలో తప్పు లేదని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఎందుకంటే ఈ రెండింటికీ తేడా పుట్టుకలోనే ఉంది. మంచి వ్యాక్స్‌లో ప్రధానమైనది కార్నూబా, ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల మీద నుంచి తీసే మైనం. అది శుద్ధరూపంలో రాయిలా గట్టిగా ఉంటుంది, సుమారు 82 నుంచి 86 డిగ్రీల మధ్య కరుగుతుంది. అంత గట్టి పదార్థాన్ని చేత్తో కారు మీద పూయడం సాధ్యం కాదు కాబట్టి ద్రావకాలు, నూనెలు, ఇతర మైనాలు కలిపి మెత్తబరిచి డబ్బాలో నింపుతారు. డబ్బా మీద నూరు శాతం కార్నూబా అని రాసి ఉన్నంత మాత్రాన లోపలున్నదంతా కార్నూబా కాదు. ఇలా మెత్తబరిచిన మైనం, చెయ్యి పెట్టలేనంతగా కాలే మే నెల బానెట్ మీద ఎంతకాలం ఉంటుందో ఊహించవచ్చు. నీడలో ఉండే కారుకు రెండు మూడు నెలలు రావచ్చు, మన వేసవిలో ఆరుబయట ఉండే కారుకు కొన్ని వారాలే. సీలెంట్ మనిషి తయారుచేసిన పాలిమర్. ఎండను, సబ్బు నీళ్లను మైనం కంటే బాగా తట్టుకుంటుంది, సరిగ్గా వేస్తే నాలుగు నుంచి ఆరు నెలలు నిలుస్తుంది. ముదురు రంగుల మీద వ్యాక్స్ తెచ్చే ఆ తడిసినట్టుండే లోతైన నిగనిగ సీలెంట్‌కు రాదు, దాని మెరుపు అద్దం మెరుపులా ఉంటుంది. వారం వారం సొంతంగా కారు తుడుచుకుని, గ్యారేజీలో పెట్టుకునేవారికి వ్యాక్సే ఎక్కువ ఆనందం ఇస్తుంది. వారిని నేను కాదనను.

అయితే సీలెంట్‌కు ఒక షరతు ఉంది. అది పెయింట్ పైపొర అయిన క్లియర్ కోట్‌కు నేరుగా అంటుకోవాలి. మధ్యలో పాత వ్యాక్స్ గానీ, పాలిష్ నూనె గానీ ఉంటే పట్టు దొరకదు, రెండు మూడు వాష్‌లకే పోతుంది. కాబట్టి ముందు బాగా కడగాలి, తరువాత క్లే బార్ అనే బంకమట్టి లాంటి మెత్తటి ముద్దతో రుద్ది, పెయింట్‌కు అంటుకుని గరుకుగా ఉన్న మురికిని తీయాలి, అవసరమైతే పాలిష్ పట్టాలి, ఆ పాలిష్ జిడ్డును నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, అప్పుడు సీలెంట్ పూయాలి. పూశాక సీసా మీద రాసినన్ని గంటలు నీళ్లు తగలకుండా ఆరనివ్వాలి. నిగనిగ కూడా కావాలనుకుంటే ఆరిన తరువాత పైన వ్యాక్స్ పూసుకోవచ్చు. వ్యాక్స్ మీద సీలెంట్ మాత్రం పనికిరాదు.

ఇవన్నీ చదివి తెలుసుకుని కూడా నేను ఎలా మోసపోయానంటే, పని జరుగుతుండగా అడగలేదు. రేకుల షెడ్డు కింద కారు పెట్టించారు. నురుగు కొట్టి కడిగారు, గాలితో నీళ్లు ఊదారు, మెషీనుకు స్పాంజి తగిలించి ఒక చుట్టు తిప్పారు. క్లే బార్ బయటికి తీయలేదు, ఆల్కహాల్ తుడుపు లేదు. ఒక కుర్రవాడు గుండ్రటి పల్చటి డబ్బా మూత తిప్పి, పసుపు రంగు ముద్దను స్పాంజికి రాసుకుని తలుపులకు పూయడం మొదలుపెట్టాడు. కొబ్బరి మిఠాయి వాసన లాంటిది వచ్చింది. ‘క్లే చేయరా?’ అని అడుగుదామనుకుంటుండగానే యజమాని వచ్చి, ‘సర్, మీరు టెన్షన్ పడకండి, షోరూమ్ నుంచి దింపినట్టు ఉంటుంది చూడండి’ అన్నారు. కారు అప్పటికే మెరుస్తోంది. ఇంట్లోవాళ్లకు పంపడానికి ఒక ఫొటో తీసుకున్నాను. లోపలికి పెట్టిన రెండు గంటలకు తాళం చేతికిచ్చారు. చివర్లో బానెట్ మీద నీళ్లు చల్లి, ముత్యాల్లా జారిపోతున్న చుక్కలను చూపించి, ఇదే సీలెంట్ పట్టిందనడానికి రుజువన్నారు. నేను నమ్మాను. దయచేసి మీరు నమ్మకండి. కొత్తగా పూసిన ఏ వ్యాక్స్ మీదైనా, ఆ మాటకొస్తే వంటనూనె రాసిన పళ్లెం మీదైనా, నీళ్లు అలాగే చుక్కలు కట్టి జారతాయి.

ఏప్రిల్ మూడో వారం నాటికి, అంటే మూడో వాష్ తరువాత, ఒక రాత్రి పెట్రోలు బంకు లైట్ల కింద చూస్తే తలుపుల నిండా సాలెగూడు అల్లినట్టు గుండ్రటి గీతలు కనిపించాయి. ప్యాకేజీలో పోయాయని చెప్పిన పాత గీతలే అవి. కడిగేవాడు ముతక గుడ్డ వాడాడేమోనని అనవసరంగా అతన్ని మందలించాను, అది తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంది. మే నెలలో ఒక పెళ్లికి ఖమ్మం వెళ్లి రెండు రోజులకు తిరిగొచ్చేసరికి బానెట్ మీద పావురం రెట్ట ఎండకు మాడి గట్టిపడి ఉంది. తడిగుడ్డ పరిచి నానబెట్టి జాగ్రత్తగానే తీశాను. కింద బొటనవేలి గోరంత మేర మెరుపు పోయి, అంచులు తేలిన మచ్చ కనిపించింది. పక్షి రెట్టలో ఆమ్లం ఉంటుంది, దానికి అంత ఎండ తోడైతే క్లియర్ కోట్‌ను తినేస్తుంది. నిజాయితీగా చెప్పాలంటే మంచి సీలెంట్ ఉన్నా రెండు రోజుల రెట్టను పూర్తిగా ఆపేదని నేను అనను. సీలెంట్ పొర మందం ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, కూడా ఉండదు, అది కొంత సమయాన్ని మాత్రమే ఇస్తుంది. నా కారు మీద ఆ కొంత సమయాన్ని ఇచ్చేదేదీ అప్పటికి మిగలలేదు.

మచ్చ తీయించడానికి బోయిన్‌పల్లిలో ఎన్నో ఏళ్లుగా డెంటింగ్, పెయింటింగ్ చేస్తున్న ఒక మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. సీలెంట్ వేయించి రెండు నెలలే అయిందని చెబితే ఆయన ఏమీ అనకుండా, ఎండ తక్కువ తగిలే డిక్కీ డోరు కింది భాగాన్ని ఎంచుకుని, మధ్యలో మాస్కింగ్ టేపు అంటించి, ఒక పక్కను ఆల్కహాల్ కలిపిన నీళ్లతో రెండుసార్లు తుడిచారు. టేపు తీసి సెల్‌ఫోన్ లైటు వేస్తే ఎడమ సగం ఇంకా నున్నగా ఉంది, కుడి సగంలో గీతలన్నీ ఒక్కసారిగా తేలాయి. గుడ్డకు జిడ్డు అంటింది. ‘గీతలు పోలే సార్, కప్పిండ్రు అంతే’ అన్నారాయన. నంబరు ప్లేటు పైన నల్ల ప్లాస్టిక్ పట్టీ సందులో సుద్దలా పేరుకున్న తెల్లటి చారను, అంటే తుడవకుండా ఆరిపోయిన వ్యాక్స్‌ను, గోటితో గీసి చూపించారు. అప్పుడు నాకు ఆ రోజు తీసిన ఫొటో గుర్తొచ్చింది. పెద్దది చేసి చూస్తే టైరు పక్కన బల్ల మీద మూత తీసిన డబ్బా, దాని అంచు మీద కార్నూబా అన్న పేరు స్పష్టంగా ఉన్నాయి. సీలెంట్లు కూడా కొన్ని ముద్దగా డబ్బాల్లో వస్తాయి కాబట్టి ముద్దను చూసి ఏమీ తేల్చలేం, కానీ ఆ పేరు తేల్చేసింది. మచ్చ విషయంలో ఆయన మందం కొలిచే మీటరు పెట్టి చూసి, ఎక్కువ అరగదీయనని చెప్పారు. కంపెనీ నుంచి వచ్చే పెయింట్ మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు, అందులో క్లియర్ కోట్ వాటా నలభై యాభైకి మించదు. ప్రతి రబ్బింగ్‌కూ అందులో కొంత పోతుంది, పోయింది తిరిగి రాదు. పని వద్దని చెప్పి డబ్బు వదులుకున్న ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది.

దుకాణానికి ఫొటో తీసుకుని వెళ్లాను. యజమాని మొదట బోరు నీళ్లతో కడిగారు కాబట్టి పోయిందన్నారు. ఫొటో చూపించాక, అది పైన వేసే పొర అని, కింద సీలెంట్ ముందే వేశామని మాట మార్చారు. ఆ రెండు గంటలూ నేను అక్కడే కుర్చీలో కూర్చున్నానని, సీలెంట్ వేసి ఆరనిచ్చి దాని మీద వ్యాక్స్ పూసే వ్యవధే లేదని చెబితే, ఒక ఉచిత వాష్ ఇస్తామన్నారు. బిల్లు తీసి చూసుకుంటే అందులో ‘కార్ కేర్ ప్యాకేజీ, 1’ అని మాత్రమే ఉంది. సీలెంట్ అన్న మాట ఎక్కడా లేదు. అదే దుకాణంలో వ్యాక్స్ ప్యాకేజీ ధర 1,800 రూపాయలు. మిగతా 4,700 రూపాయలు నేను దేనికి ఇచ్చానో ఆ కాగితం చెప్పదు.

కాబట్టి డబ్బు కట్టే ముందే బిల్లు మీద వాడబోయే సీలెంట్ బ్రాండు, పేరు రాయించుకోండి, రాయనంటే అక్కడి నుంచి వచ్చేయండి. సీసాను పని మొదలయ్యే ముందు చూపించమని అడిగి ఫొటో తీసుకోండి, ఆరడానికి ఎన్ని గంటలు పడుతుందో దాని మీదే చదవండి. సాయంత్రానికల్లా కారు ఇచ్చేస్తామంటే ఆ గంటలు ఎలా సరిపోతాయో అడగండి. కడిగి తుడిచిన తరువాత పల్చటి ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని బానెట్ మీద మెల్లగా నిమిరి చూడండి. ఒట్టి చేతికి తెలియని గరుకు కవరులోంచి ఇసుక రేణువుల్లా తెలుస్తుంది, అలా తెలిస్తే క్లే చేయలేదన్నమాట. అన్నిటికంటే ముఖ్యంగా, సీలెంట్ పూయడానికి ముందు ఒక తలుపును ఆల్కహాల్ నీళ్లతో తుడిపించి, లైటు వేసి చూడండి. గీతలు నిజంగా పోయాయా, నూనె కింద దాక్కున్నాయా అన్నది అప్పుడే బయటపడుతుంది. ఈమధ్య యాక్సిడెంటు రిపేరులో ఏదైనా భాగానికి కొత్తగా పెయింట్ వేయించి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి, వర్క్‌షాపులో వేసిన పెయింట్ లోపలి దాకా ఆరడానికి ఒకటి రెండు నెలలు పడుతుంది, ఆ లోపు దాని మీద వ్యాక్స్ గానీ సీలెంట్ గానీ వేయకూడదు.

టెఫ్లాన్ కోటింగ్ అని అడిగేవారు మన ఊళ్లో ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి ఒక మాట. పెనాలకు వాడే ఆ పదార్థం 327 డిగ్రీల దగ్గర గానీ కరగదు, పెనానికి దాన్ని కొలిమిలో కాల్చి అంటిస్తారు. రేకుల షెడ్డు కింద స్పాంజితో రుద్దితే అది కారు పెయింట్‌కు అలా అంటుకోదు. ఆ పేరుతో పూసేది చాలాసార్లు మామూలు వ్యాక్సో, చవక సీలెంటో అయి ఉంటుంది.

ఇప్పటికే ఇలా నష్టపోయినవారు బిల్లు, యూపీఐ చెల్లింపు వివరం, ఫొటోలు పారేయకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంది, చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు అయితే ఫీజు కూడా లేదు. నేను దుకాణానికి ముందుగా లిఖితపూర్వకంగా నోటీసు పంపాను, దానికి డబ్బా కనిపించే ఆ ఫొటోను, వస్తువు పేరు లేని ఆ బిల్లును జత చేశాను. సీలెంట్ వేశామనే అంటే ఏ సీలెంటో పేరు, కొన్న రసీదు చూపించమని అడిగాను. పదిహేను రోజుల గడువు ఇచ్చాను, అది వచ్చే సోమవారంతో ముగుస్తుంది.