“గరుసు తోలిస్తే రోడ్డుకు సమానమైపోతాది” అంటే నమ్మి అడ్వాన్స్ ఇవ్వద్దండి: అనంతపురంలో పల్లపు ప్లాట్లు చూస్తున్నవాళ్లకు

అనంతపురం చుట్టుపక్కల ఇంటి స్థలం కోసం తిరుగుతున్నవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. ముఖ్యంగా రోడ్డుకన్నా మూడు నాలుగు అడుగులు కిందికున్న ప్లాటు చూపించి, “పల్లం కాబట్టే ఈ రేటక్కా, నలభై ట్రాక్టర్లు గరుసు తోలిస్తే రోడ్డుకు సమానమైపోతాది” అని మీకు ఎవరైనా చెప్పి ఉంటే. గరుసంటే రాళ్లు కలిసిన మట్టి. మాకూ అదే మాట చెప్పారు. నమ్మి 11 లక్షల 50 వేలు పోశాం. అమ్మినాయన పేరు, ఊరి పేరు ఇక్కడ రాయను. మాకు జరిగింది మాత్రం దాచకుండా రాస్తాను.

మా ఆయన బస్సు కండక్టరు, నేను ప్రైవేటు బడిలో టీచరును. పదకొండేళ్లు చీటీలు కట్టుకుంటూ, నా గాజులు కుదువపెట్టి కూడగట్టిన డబ్బు అది. నగరానికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో, పంచాయతీ పరిధిలో 5 సెంట్ల ప్లాటు. 33 అడుగుల వెడల్పు, 66 అడుగుల పొడవు. మేము చూసింది ఏప్రిల్‌లో. నేల ఎండి పగుళ్లిచ్చి ఉంది, వెనక వైపు నాలుగు ఈత చెట్లు వరసగా ఉన్నాయి. ఆ చెట్లు చూసి నేను సంతోషపడ్డాను, పిల్లలకు నీడ ఉంటుందని. ముప్పై ఏళ్ల ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, తీయించాం, ఏ గొడవా లేదు. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా, అదే 22ఏ జాబితాలో సర్వే నంబరు లేదు. ఇంకేం చూడాలో మాకు తెలియలేదు, జూన్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకున్నాం.

మట్టి లెక్క కూడా అప్పుడే వేసుకుని ఉంటే సగం కళ్లు తెరుచుకునేవి. 33 ఇంటూ 66 అంటే 2,178 చదరపు అడుగులు. మూడడుగుల ఎత్తు లేపాలంటే 6,534 ఘనపుటడుగులు. ట్రాక్టరుకు వంద ఘనపుటడుగులు, అంటే ఒక యూనిట్ పడుతుందనుకుంటే 65 ట్రాక్టర్లు. అదీ గట్టిపడిన తర్వాత లెక్క. వదులుగా పోసిన మట్టి తడిపి రోలరు తిప్పితే అణిగిపోతుంది కాబట్టి నికరంగా 80 దాకా కావాలి. అమ్మినాయన చెప్పిన నలభై ఎక్కడ, ఈ ఎనభై ఎక్కడ. ట్రాక్టరు 900 చొప్పున 72 వేలు. పోసిన మట్టి మీద పునాది నిలవదు కాబట్టి, పునాది కిందున్న అసలు నేల దాకా దింపాల్సిందే. ఆ ఖర్చు వేరు.

డబ్బు సంగతి అలా ఉంచండి. అసలు ఆ మట్టి పోయడానికి మాకు అనుమతే రాలేదు.

మా ఆయన ముందుచూపు మనిషి. ఊళ్లో ఎవరూ అడగకపోయినా, “పంచాయతీలో ఒక మాట చెప్పి రాయించుకుని మొదలుపెడదాం, రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదు” అని అర్జీ పట్టుకుని వెళ్లాడు. అక్కడ కార్యదర్శి మర్యాదగానే మాట్లాడారు. ఖాళీ స్థలంలో మట్టి తోలుకోవడానికని తమ దగ్గర విడిగా ఫారమేమీ లేదనీ, ఇంటి ప్లానుతో పాటే చూస్తామనీ అన్నారు. అయితే రెండు కాగితాలు అడిగారు. ఒకటి, ఈ పల్లం వంక (వాన నీళ్లు పారే వాగు) గానీ కుంట గానీ కాదని రెవెన్యూ వాళ్లు రాసిచ్చిన కాగితం. రెండు, మట్టి ఎక్కడి నుంచి తెస్తున్నారో దానికి గనుల శాఖ పర్మిట్.

మట్టికి గనుల శాఖ ఏమిటని మాకు ఆశ్చర్యం. తర్వాత తెలిసింది. పూడికకు, చదునుకు వాడే మామూలు మట్టిని కూడా కేంద్రం 2000 ఫిబ్రవరిలోనే చిన్నతరహా ఖనిజాల్లో చేర్చింది. అమ్మకానికి తవ్వి తోలేవాడు ప్రభుత్వానికి సీనరేజీ రుసుము కట్టాలి, బండికి పర్మిట్ ఉండాలి. లేకపోతే బండి పట్టుకుంటారు. చెరువు మట్టి చవగ్గా వస్తుందని తెప్పించుకునేవాళ్లకూ ఇదే మాట, రైతు పొలానికి తోలుకునే ఒండ్రు లెక్క వేరు, ప్లాటుకు తోలేది వేరు.

రెవెన్యూ కాగితం కోసం సచివాలయంలో ఎఫ్‌-లైన్ అర్జీ, అంటే హద్దులు కొలవమని అర్జీ పెట్టాం. సర్వేయరు రావడానికి నెలన్నర పట్టింది. ఇక్కడే మేము పెద్ద తప్పు చేశాం. అమ్మినాయన ఫోన్ చేసి, “సర్వేయరు వచ్చేలోపల పల్లం కనపడకుండా చేసేస్తే అడిగేవాడే ఉండడు, మా బండ్లున్నాయి, రాత్రిపూట తోలిస్తాను” అన్నాడు. మా ఆయన వద్దన్నాడు. నేనే ఒప్పించాను, శ్రావణంలో ముగ్గు పోయాలని. రెండు రాత్రుల్లో 22 ట్రాక్టర్లు పోశారు, 19,800 ఇచ్చాం. మూడో రాత్రి బండ్లను దావలోనే ఆపారు. పర్మిట్ లేదు. రెండు ట్రాక్టర్లు స్టేషన్‌కు పోయాయి. తెల్లారి ఆ ట్రాక్టరు కుర్రోడు మా గుమ్మం ముందు కూర్చుని ఏడ్చాడు, బండి కిస్తీ మీద ఉందని. తోలించమని పురమాయించిన పెద్దమనిషి ఫోనే ఎత్తలేదు.

సర్వేయరు వచ్చిన రోజు ఎగువ పొలం పెద్దాయన కూడా వచ్చాడు. డెబ్బై ఏళ్లు పైనే ఉంటాయి. ఏమీ మాట్లాడకుండా ఈత చెట్ల దగ్గరికి పోయి, కాలి మడమతో నేలను గీకాడు. పైన ఎర్రమన్ను జానెడే. కింద ఇసుక, మామూలు ఇసుక కాదు, ఏటిలో ఉండే ముతక ఇసుక, మధ్యలో నున్నటి గులకరాళ్లు. “చూడమ్మా, ఈ చెట్లు వరసగా ఎవురన్నా నాటినారనుకుంటివా? ఇది వంక. నీళ్లు పారే తావులోనే ఈతలు లేస్తాయి. 2022లో ఈడ నా నడుముకాడికి నీళ్లు పారినాయి” అన్నాడు. పక్క వీధిలో పాత ఇంటి గోడ చూపించాడు. సున్నం మీద, నా నడుమెత్తున, ఎర్రటి గీత. మూడుసార్లు ఆ వీధిలో తిరిగాం, ఆ గీత మా కంట పడలేదు.

2022 అక్టోబరు అంటే అనంతపురంలో అందరికీ గుర్తే. నడిమివంక పొంగి నగరంలోనే కాలనీలు కాలనీలు మునిగాయి. మన జిల్లాలో ఏడాది మొత్తానికి పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. వంకలు ఏళ్ల తరబడి ఎండి ఉంటాయి. ఆ ఎండిన వంకనే చదును చేసి, రాళ్లు పాతి, ప్లాటని అమ్ముతున్నారు. పచ్చని కోనసీమలోనైతే కాలువను చూసి కాలువని గుర్తుపడతారు. మన దగ్గర అది బీడు నేలలాగే కనపడుతుంది.

సర్వేయరు ఎఫ్‌ఎంబీ నకలు, అంటే సర్వే నంబరు కొలతల పటం, పరిచి చూపించారు. మా సర్వే నంబరులో ఒక పక్కగా రెండు వంకర గీతలు. ఆ గీతల మధ్య ఉన్నదే వంక. కొలిస్తే మా 66 అడుగుల పొడవులో వెనక 23 అడుగులు వంకలోకి పోయాయి, అంటే సెంటు ముప్పావు. ఆ అంచు నుంచి 9 మీటర్లు కట్టడం లేకుండా వదలాలన్నారు, అది ఇంకో ఇరవైతొమ్మిదిన్నర అడుగులు. ముందువైపు మిగిలింది పదమూడున్నర అడుగులు. ఐదు సెంట్లు కొన్న మాకు ఒక్క సెంటు. దాంట్లోనే రోడ్డు వైపు వదలాల్సింది కూడా వదలాలి. మట్టికి అనుమతి ఇవ్వలేమనీ, పోసింది తీసేయాలనీ కాగితం మీద రాసిచ్చారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లు ఆ రోజు సంతకం పెట్టేసి ఉంటే, వాన వచ్చిన రాత్రి ఆ నీళ్లు పెద్దాయన వేరుశనగ చేలోకి ఎదురుతన్నేవి. ఎగువ నేల నీళ్లు సహజంగా దిగువకు దిగే హక్కు 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టంలోనే ఉందట. ఆయన కోర్టుకు పోయినా మేమే ఓడేవాళ్లం.

“పెనాల్టీ కడితే రెగ్యులరైజ్ అయిపోతాది” అని కూడా చెప్తారు, అదీ నమ్మొద్దు. మా చిన్నమామ వకీలు. ఆయన చెప్పింది: పంజాబులో ఒక ఊరి చెరువును పూడ్చి ఇళ్లు కట్టుకున్నవాళ్ల కేసులో 2011లో సుప్రీంకోర్టు, డబ్బు కట్టించుకుని అలాంటివి క్రమబద్ధం చేయడం కుదరదని, వాళ్లను ఖాళీ చేయించమని తీర్పిచ్చింది.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ట్రంకుపెట్టెలోంచి కాగితాలన్నీ తీశాను. మా డాక్యుమెంటులో చెక్కుబంది, అంటే నాలుగు హద్దులు రాసే దగ్గర “దక్షిణం: ఖాళీ స్థలం” అని ఉంది. దాని కింద లింకు డాక్యుమెంటు, అంటే అదే స్థలం పాత కాగితం, 1986 నాటిది, చేతిరాత. సిరా వెలిసిపోయింది గానీ అక్షరం స్పష్టంగా ఉంది: “దక్షిణం: వంక.” పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుని బతికే దాన్ని, ఆ ఒక్క పదం దిద్దేశారని చూసుకోలేకపోయాను. రిజిస్ట్రేషన్ నాడు ఆ కాగితం నా చేతిలోనే ఉంది.

అందుకే చెప్తున్నా. ఈసీ ఒక్కటే చూస్తే చాలదు, దాంట్లో ఉండేవి అమ్మకాలు, తనఖాలు లాంటి రిజిస్టరైన లావాదేవీలే. అడ్వాన్స్ ఇవ్వకముందే ఎఫ్‌ఎంబీ నకలు తీసుకోండి, పాత లింకు డాక్యుమెంట్లలో నాలుగు హద్దులూ వేలు పెట్టి చదవండి, ఒకదానికొకటి పోల్చండి. ఎగువ పొలం రైతును కలవండి, కొన్నవాళ్లను కాదు, అమ్మేవాళ్లను అసలే కాదు. పల్లపు ప్లాటే కొనాలనుకుంటే, మట్టి తోలుకోవడానికి అభ్యంతరం లేదని రెవెన్యూ, పంచాయతీ కాగితం వచ్చాకే మిగతా డబ్బు ఇస్తామనీ, రాకపోతే అడ్వాన్స్ తిరిగివ్వాలనీ అగ్రిమెంటులో రాయించుకోండి. దానికి ఒప్పుకోని మనిషి దగ్గర ఇంకో నిమిషం కూర్చోవద్దు. రాత్రిపూట మట్టి మాత్రం తోలించుకోవద్దండి, ఎవరు ఎంత ధైర్యం చెప్పినా.

మేము నోటీసు పంపాం, జవాబు రాలేదు. కేసు వేస్తున్నాం. పోసిన 22 ట్రాక్టర్ల మట్టి తీయించడానికి మళ్లీ ఖర్చు, పర్మిట్‌తోనే.

మా పక్క మూడు ప్లాట్లు ఇంకా అమ్మకానికే ఉన్నాయి. పోయిన ఆదివారం మేము అక్కడుండగా ఒక స్కూటరు ఆగింది, చిన్న వయసు మొగుడూ పెళ్లాం, చంకలో పాప. నాలాగే ఆ అమ్మాయి ఈత చెట్ల వైపు చూసి నవ్వింది. నేను సంచిలోంచి 1986 కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె రెండుసార్లు చదివి, పాపను ఆయనకిచ్చి, ఫోన్‌లో ఫొటో తీసుకుంది.