సైకస్ కొనేముందు మొక్కను ఊపి చూడండి

'సాగో పామ్' అంటూ అమ్మే అలంకరణ మొక్క సైకస్‌ను కొనబోతున్నారా? డబ్బు కట్టేముందు కాండాన్ని పట్టుకుని మెల్లగా ఊపండి. మట్టిలో గిర్రున తిరిగితే దానికి వేర్లు లేనట్టే. తవ్వేటప్పుడు వేర్లన్నీ నరికేసి, మొద్దును కొబ్బరిపొట్టు కుండీలో గుచ్చి అమ్మేస్తున్నారు. ఆ మొద్దులో, అంటే దుంపలో, పిండిపదార్థం నిల్వ ఉంటుంది కాబట్టి వేర్లు లేకున్నా నెలల తరబడి పచ్చగానే కనిపిస్తుంది, ఒక్కోసారి కొత్త ఆకులు కూడా వేస్తుంది. మొక్క బతికిందని మురిసిపోయి రోజూ నీళ్లు పోస్తాం. అడుగు కుళ్లిపోతుంది. అప్పటికి అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తరు.

దుంప రాయిలా గట్టిగా ఉండాలి. ఎక్కడైనా వేలు దిగినా, పులిసిన వాసన వచ్చినా వద్దనండి. ఆకుల అడుగున తెల్లటి పొలుసులు అంటుకుని ఉంటే అవి పురుగులు, ఇంట్లో ఉన్న మిగతా సైకస్‌లకూ పాకుతాయి.

వేర్లు లేని మొక్కను ఇప్పటికే కొనేసి ఉంటే ఆకులన్నీ కోసేయండి. కుళ్లిన భాగాన్ని గట్టి కండ కనిపించేదాకా చెక్కి, శిలీంద్రనాశిని పొడి అద్ది, వారం రోజులు నీడలో ఆరబెట్టండి. తర్వాత ముతక ఇసుకలో సగం దుంప పైకి ఉండేలా నాటండి. ఇసుక పూర్తిగా ఎండాకే నీళ్లు. వేర్లు పట్టడానికి నెలలు పడుతుంది, మధ్యలో పీకి చూడొద్దు.

'ఆడ మొక్క' అని ఎక్కువ ధర చెబితే నమ్మకండి. పూతలాంటి శంకువు వచ్చేదాకా మొక్కను చూసి ఆడో మగో ఎవరూ చెప్పలేరు. శేషాచలం కొండల పేరితను మాత్రం ఎంత తక్కువకు ఇచ్చినా ముట్టుకోవద్దు. అది చట్టం కాపాడుతున్న అడవి సైకస్.

అన్నిటికన్నా ప్రమాదం 'సాగో పామ్' అన్న పేరుతోనే. సాగో అంటే సగ్గుబియ్యం, పామ్ అంటే తాటి. సైకస్ అసలు తాటి జాతిదే కాదు. మనం తినే సగ్గుబియ్యం కర్రపెండలం దుంప నుంచి వస్తుంది, దీనికీ దానికీ ఏ సంబంధమూ లేదు. సైకస్‌లో, ముఖ్యంగా ఎర్రటి గింజల్లో, కాలేయాన్ని దెబ్బతీసే సైకసిన్ అనే విషం ఉంటుంది. జపాన్‌లోని ఒకినావాలో 1920ల ఆర్థిక సంక్షోభంలో ఆకలికి దీన్ని సరిగా శుద్ధి చేయకుండా తిన్నవాళ్లు చనిపోయారు. 'ఆరోగ్యానికి మంచి సాగో' అని గింజలు అంటగడితే తీసుకోవద్దు. ఇంట్లో కుక్క ఉంటే ఈ మొక్కే వద్దు. ఒక్క గింజ కొరికినా, వాంతులు మొదలయ్యేదాకా చూడకుండా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి, కొరికిన ముక్క కూడా వెంట పట్టుకెళ్లండి.