ఊరి బడి, హైస్కూల్లో విలీనం, మోడల్ ప్రైమరీ: చిన్న తరగతులకు ఏది మేలు?

ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలు ఎక్కడ చదవాలన్న ప్రశ్న 2022 నుంచి నలుగుతూనే ఉంది. ఆ ఏడాది జూన్‌లో వెలువడిన 117వ నంబరు జీవో 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపున్న ఉన్నత పాఠశాలల్లో కలపమంది. 2025లో ప్రభుత్వం ఆ జీవోను పక్కనబెట్టి, చుట్టుపక్కల చిన్న బడుల పిల్లలను ఒకచోట చేర్చి తరగతికొక టీచరును ఇచ్చే మోడల్ ప్రైమరీ స్కూళ్ల వైపు మొగ్గింది. వీటితో పాటు ఉన్న ఊళ్లోనే మండల పరిషత్ బడిని ఉన్నది ఉన్నట్టు కొనసాగించాలన్న వాదన ఎలాగూ ఉంది.

ఊరి బడికి ఉన్న బలం దగ్గరతనం. విద్యాహక్కు చట్టం నిబంధనలు ప్రాథమిక పాఠశాల కిలోమీటరు లోపు ఉండాలంటున్నది ఇందుకే. అయితే అదే చట్టం 60 మంది దాకా పిల్లలకు ఇద్దరు టీచర్లతో సరిపెడుతుంది. అంటే ఐదు తరగతులను ఇద్దరు పంచుకోవాలి. పిల్లలు 20 మందికి మించని చోట సాధారణంగా ఒక్కరే ఉంటారు. అలాంటి గదిలో బోర్డుకు ఒక పక్క నాలుగో తరగతికి భాగహారం లెక్క వేసి, అది వాళ్లు చేసేలోగా ఒకటో తరగతి పిల్లల పలకల మీద గుణింతాలు దిద్దించి, ఆపైన ఫోన్‌లో హాజరు, మధ్యాహ్న భోజనం వివరాలు ఎక్కించాల్సింది ఆ ఎస్జీటీయే (సెకండరీ గ్రేడ్ టీచరు, అంటే ప్రాథమిక తరగతుల టీచరు). ఆయన శిక్షణకో, సెలవు మీదో వెళ్లిన రోజు పక్క ఊరి నుంచి ఎవరైనా డిప్యుటేషన్‌పై వస్తే తప్ప పాఠం సాగదు. దీన్ని టీచరు అసమర్థతగా చూపడం అన్యాయం.

విలీనం ఈ లోటును సబ్జెక్టు టీచర్లతో పూడ్చాలనుకుంది. నా దృష్టిలో మూడింటిలో బలహీనమైనది ఇదే. ఎస్జీటీ డీఎడ్‌లో చిన్నపిల్లలకు చదవడం, రాయడం నేర్పే పద్ధతులు అభ్యసించి వస్తారు. బీఎడ్ చేసిన స్కూల్ అసిస్టెంట్ ప్రధానంగా ఉన్నత తరగతులకు తన సబ్జెక్టు చెప్పడానికి తయారై వస్తారు. గంట కొట్టగానే మారిపోయే ఐదారుగురు టీచర్లలో, ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఒత్తులు ఎక్కడ తప్పుతున్నాయో గుర్తుపెట్టుకునేవారు ఎవరు? పైగా రెండు తరగతులే మిగిలిన ఊరి బడి మీద తల్లిదండ్రులకు నమ్మకం సడలి, ప్రైవేటు స్కూలు బస్సు ఊళ్లోకి వస్తుంది.

కనుక మూడో తరగతి నుంచి మోడల్ ప్రైమరీయే మేలని నా అభిప్రాయం. ఏడాదంతా ఒకే టీచరు ఒకే తరగతితో గడపడం, తోటివయసు వాళ్లు తగినంత మంది ఉండడం చిన్న బడి ఇవ్వలేనివి. ఒకటి, రెండు తరగతులు మాత్రం, పిల్లలు పది మందే ఉన్నా, అంగన్‌వాడీకి ఆనుకుని ఊళ్లోనే ఉండాలి. ఆరేళ్ల బిడ్డను రోజూ దించి తీసుకురావడానికి కూలికి వెళ్లే తల్లికి కుదరదు.

ఇక్కడ దూరం లెక్క అసలు చిక్కు. కాగితం మీద కిలోమీటరు ఉంటుంది గానీ, మధ్యలోని వాగు, దాటాల్సిన హైవే అందులో కనబడవు. అందుకే తరలింపునకు ఒప్పుకునే ముందు పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యులు వర్షాకాలంలో ఆ దారిని నడిచి చూడాలి. ఆటో ఏర్పాటు, రవాణా భత్యం సంగతి మండల విద్యాధికారి (ఎంఈఓ) దగ్గర రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఆ హామీ రాకపోతే ఐదో తరగతి దాకా ఊరి బడినే ఉంచి, రెండో ఎస్జీటీ పోస్టు కోసం పట్టుబట్టడం మంచిది.