సింకు కింద డబ్ల్యూపీసీ బోర్డు: ఒక వడ్రంగి అనుభవం

విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం వైపు వడ్రంగి పని చేస్తాను. 2024 సెప్టెంబరులో వచ్చిన బుడమేరు నీళ్లు తీశాక, ఈ ఇళ్లలో పార్టికల్ బోర్డు (చెక్కపొట్టు అదిమి చేసేది) కిచెన్‌లు చూస్తే బాధేసింది. కింది బాక్సులు ఉబ్బిపోయి, స్క్రూలు చేత్తో లాగితేనే ఊడొచ్చాయి. అప్పటి నుంచి సింకు కిందకి, బాత్రూం తలుపులకి డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిసినది) ఫోమ్ బోర్డే వేయించుకోమంటున్నాను. నీళ్లకి ఉబ్బదు, చెదలు ముట్టవు.

దీన్ని పీవీసీ ప్లాస్టిక్, చెక్కపొడి, సుద్దపొడి కలిపి మిషన్‌లో వేడిచేసి షీటుగా లాగుతారు. అందులో కలిపే ఫోమ్ మందు వేడికి గ్యాస్ వదిలితే లోపలంతా సన్నటి బుడగలు కడతాయి. బరువు తగ్గేది వాటి వల్లే. 8 అడుగులకు 4 అడుగుల 18 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క నార అదిమి చేసే బోర్డు) షీటు సుమారు 40 కిలోలు ఉంటుంది. అదే కొలతలో సాంద్రత (ఘన సెంటీమీటరుకి ఎన్ని గ్రాములు) 0.6 ఉన్న ఈ బోర్డు 32 కిలోలు. లిఫ్ట్ లేని ఇంట్లో మూడో అంతస్తుకి మోసేవాళ్లకి ఆ తేడా బాగా తెలుస్తుంది.

అలాగని మరీ తేలికది కొనకండి. ఒక ఇంటివాళ్లు తక్కువలో వస్తోందని తెచ్చిన అదే కొలత షీటు 24 కిలోలే తూగింది. అంటే సాంద్రత 0.45. బుడగలు ఎక్కువైతే స్క్రూకి పట్టు ఉండదు. హింజ్ బిగిస్తుంటే స్క్రూ తిరుగుతూనే ఉంది, తలుపు నిలబడలేదు. అందుకే షాపువాళ్లు చెప్పే సాంద్రతతో సరిపెట్టుకోకుండా షీటు తూకం వేయించండి. ఒక ముక్క కోయించి అంచు కూడా చూడండి. మధ్యలో పెద్ద పెద్ద రంధ్రాలుంటే వదిలేయండి.

పనివాళ్లకి ఒక మాట. దీని మీద అంటించే మైకా షీటుకి తెల్ల జిగురు సరిగా పట్టదు. ఆ జిగురు ఆరాలంటే అందులో నీటిని చెక్క పీల్చుకోవాలి, ఈ బోర్డు పీల్చదు. రబ్బరు జిగురు రెండు వైపులా రాసి, కాస్త ఆరనిచ్చి నొక్కాలి. స్క్రూకి ముందు సన్న బిట్‌తో రంధ్రం తప్పనిసరి.

నాకు నచ్చనిది వంగడం. మూడడుగుల పుస్తకాల అరకి దీన్ని అస్సలు వేయను, బరువుకి కొన్నాళ్లలోనే మధ్యలో దిగిపోతుంది. అక్కడ ప్లైవుడ్డే. పొయ్యికి ఆనుకుని, ఓవెన్ చుట్టూ కూడా వద్దు. 80 డిగ్రీల వేడి దగ్గరికొస్తే పీవీసీ మెత్తబడుతుంది.

ధర పార్టికల్ బోర్డు కన్నా ఎక్కువే. కిచెన్ మొత్తానికి డబ్బు సరిపోకపోతే కింది బాక్సులకి మాత్రం ఇదే వేయించుకోండి, పై బాక్సులకి మామూలు బోర్డు చాలు.