వీఎల్‌సీనా, కన్వర్టింగా?

హన్మకొండల స్టూడియోవాళ్లు మా చెల్లె పెండ్లి వీడియో పెన్‌డ్రైవ్‌ల ఇచ్చిండ్రు, ల్యాప్‌టాప్‌ల పెడితే బాజాల సప్పుడొస్తుంది గని బొమ్మ మొత్తం నల్లగుంది. చూస్తే ఆ ఎంపీ4 ఫైల్‌ల ఉన్నది హెచ్.265, 2013ల స్టాండర్డ్ అయిన కోడెక్, అంటే వీడియోను చిన్నగ కుదించి మల్ల ఇప్పే పద్ధతి. ఎంపీ4 అనేది ఉత్త డబ్బా, లోపలున్న కోడెక్ ప్లేయర్‌కు తెల్వకపోతే గిట్లనే అయితది. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ ఏసుకుంటే చాన కోడెక్‌లు దాంట్లనే ఉంటయి, పైస ఖర్చులేదు, రెండు నిమిషాల్ల జీలకర్ర బెల్లం కాడికొచ్చినం.

కానీ అమ్మకు పాత టీవీల చూడాలె, అండ్ల వీఎల్‌సీ ఎక్కది గదా, గప్పుడు హ్యాండ్‌బ్రేక్ అనే కన్వర్టర్ సాఫ్ట్‌వేర్‌ల హెచ్.264 అనే పాత కోడెక్‌కు మార్చుడే దిక్కు. రాత్రంతా ల్యాప్‌టాప్ ఫ్యాన్ గీపెట్టింది, ఫైల్ సైజు పెరిగింది, క్వాలిటీ కూడ కొద్దిగ పోయింది. నన్నడిగితే ల్యాప్‌టాప్‌కైతే వీఎల్‌సీనే, ఉత్తగ కన్వర్ట్ చేస్కుంట కూసోకుండ్రి, టీవీకైతే మాత్రం తప్పది. ఆ అసలు ఫైల్ డిలీట్ కొట్టకుండ్రి మల్ల.