ఫోర్ట్‌నైట్ బతికింది, సెనైట్ పోయింది

ఈ రెండు ఇంగ్లీషు మాటలూ ఒకే తల్లి పిల్లలు. ఫోర్ట్‌నైట్ అంటే పాత ఇంగ్లీషులో ‘పద్నాలుగు రాత్రులు’, సెనైట్ అంటే ‘ఏడు రాత్రులు’. పగళ్లు వదిలేసి రాత్రుల్ని లెక్కపెట్టడమేంటి అనిపిస్తుంది కదా? అది ఇంగ్లీషువాళ్ల పూర్వీకులైన పాత జర్మానిక్ తెగల అలవాటు. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ క్రీ.శ. 98 ప్రాంతంలోనే ఈ సంగతి రాశాడు.

సెనైట్‌ని షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’లో ఒక మంత్రగత్తె నోట పలికించాడు. నావికుడికి శాపం పెడుతూ అంటుందా మాట. ఇప్పుడు పాత పుస్తకాల్లో తప్ప కనిపించదు. నా లెక్కలో కారణం సింపుల్: అదే అర్థానికి వీక్ అనే పొట్టి మాట ఉండగా ఇంకోటి ఎందుకు? ఫోర్ట్‌నైట్‌కి ఆ పోటీ లేదు. దాన్ని వదిలేస్తే ‘టూ వీక్స్’ అని రెండు మాటలు వాడాలి. అమెరికన్లు అలాగే వాడుతున్నారు, వాళ్లకి ఫోర్ట్‌నైట్ అంటే ముందు గుర్తొచ్చేది వీడియో గేమే! బ్రిటన్‌లో మాత్రం ఇప్పటికీ మామూలు మాట. మన ఆఫీసు ఇంగ్లీషులోనూ ‘ఫోర్ట్‌నైట్లీ రిపోర్ట్’ ఉంది.

మనం దాన్ని ‘పక్షం’ అని అనువదిస్తాం, పక్షపత్రిక అలా వచ్చిందే. కానీ అచ్చంగా సరిపోదు. పక్షం చంద్రుడి లెక్క, పదిహేను తిథులు. ఫోర్ట్‌నైట్‌కి చంద్రుడితో పనిలేదు, రెండు వారాలు నిండితే చాలు.