బాల్కనీ హైడ్రోపోనిక్స్‌లో ఫంగస్ గ్నాట్స్: రెండేళ్ల పైన అన్నీ వాడి చూశాక నా రివ్యూ

మాది వైజాగ్, ఎంవీపీ కాలనీలో మూడో ఫ్లోర్. 2022 ఎండాకాలంలో బాల్కనీలో హైడ్రోపోనిక్స్‌కి, అంటే మట్టి లేకుండా నీళ్లతోనే మొక్కలు పెంచటానికి, 36 హోల్స్ ఉన్న పైపుల సెట్ బిగించుకున్నాం, కింద 40 లీటర్ల టబ్బు, చేపల తొట్టెలో పెట్టేలాంటి చిన్న మోటారు, టైమరు. పాలకూర, లెట్యూస్, కొత్తిమీర, బేసిల్, పుదీనా వేస్తాను. రెండు నెలలు హాయిగా గడిచింది, జులైలో ముసురు పట్టాక మొదలైంది ఈ నల్ల నుసుముల (ఫంగస్ గ్నాట్స్ అంటే ఇవే) బాధ, టీ కప్పులో పడటం, ఫోన్ మీద వాలటం, రాత్రి లైటు వేస్తే హాల్లోకి వచ్చేయటం. కుట్టవు కదా అని ఊరుకుంటే నెల తిరిగేసరికి లెట్యూస్ మొలకలు తలలు వాల్చేశాయి, పీకి చూస్తే వేళ్ల కొసలు కొరికేసినట్టు గోధుమ రంగులో ఉన్నాయి. అప్పటి నుంచి రెండేళ్ల పైనే అయింది, దొరికినవన్నీ వాడాను, ఏది పనిచేసిందో ఏది డబ్బు దండగో రాస్తున్నా.

మొదట నేను వీటిని అరటిపళ్ల మీద ముసిరే ఈగలు అనుకున్నా, వెనిగర్‌లో చుక్క సబ్బునీళ్లు వేసి గిన్నెలు పెట్టా, నాకైతే ఏమీ పడలేదు. ఇవి వేరే, కాళ్లు మీసాలు పొడుగ్గా దోమలా ఉంటాయి, ఎగరటం కూడా సరిగ్గా రాదు, కోకోపీట్ (మొక్కలకి వేసే కొబ్బరి పీచు పొట్టు) మీద గబగబా నడుస్తాయి. నమ్మకం కుదరాలంటే బంగాళదుంప ముక్క పరీక్ష చేయండి. సాయంత్రం ఒక చక్రం కోసి మొలకల ట్రేలో తడి కోకోపీట్ మీద పెట్టి మర్నాడు తిరగేశాను. ముక్క అడుగున ఏడెనిమిది పురుగులు (ఈ నుసుముల పిల్లలే), సేమ్యా పోగు కంటే సన్నగా, ఒళ్లు గాజులా తెల్లగా ఉండి లోపల తిన్నది నల్ల గీతలా కనపడుతోంది, తల మాత్రం ఆవగింజలో పావు వంతు కూడా ఉండదు కానీ నల్లగా నిగనిగలాడుతోంది. ఒళ్లు జలదరించింది నిజంగా. కానీ మన శత్రువు ఆ ఎగిరేది కాదు, ఇది, అని ఆ రోజే అర్థమైంది.

పసుపు జిగురు అట్టలు. పొలాల్లో తెల్లదోమకి కట్టేవే, 25 అట్టల ప్యాకెట్ కొన్నాను. మొదటి వారం ఒక్క అట్ట మీద ఎనభై దాకా లెక్కపెట్టి మానేశా. చూడ్డానికి భలే తృప్తిగా ఉంటుంది, అక్కడే మోసపోతాం, ఎందుకంటే ఆడది చచ్చేలోపు వందకి పైనే గుడ్లు పెట్టగలదు, ఆ తర్వాత అట్టకి అంటుకున్నా మనకి ఒరిగేది లేదు. అట్ట వల్ల తగ్గవు, ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది, అంతే. పైన వేలాడదీయటం కంటే నెట్ పాట్ల (పైపు హోల్స్‌లో మొక్కని నిలబెట్టే జల్లెడలాంటి చిన్న కప్పులు) పక్కన, కోకోపీట్ ఎత్తులో పెడితే ఎక్కువ పడ్డాయి. ఇప్పటికీ రెండు అట్టలు ఉంచుతాను, ప్రతి ఆదివారం లెక్కపెట్టి క్యాలెండర్ మీద రాస్తాను, ఆ అంకె పెరిగితే పనిలోకి దిగుతాను.

వేప నూనె మట్టి కుండీలకి బానే ఉండొచ్చు, టబ్బులో మాత్రం వద్దు. సబ్బు కలిపి పోశా, నీళ్ల మీద తెట్టు కట్టింది, మోటారు స్పాంజి జిడ్డుగా అయిపోయింది, ఆ వారం కొత్తిమీర పచ్చడి చేస్తే ఇంట్లో ఎవరూ ముట్టలేదు.

హైడ్రోజన్ పెరాక్సైడ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, దీంతోనే నాకు నష్టం జరిగింది. విదేశీ వీడియోల్లో ఒక వంతు మందుకి నాలుగు వంతుల నీళ్లు అంటారు, వాళ్లు చెప్పేది 3 శాతం సీసా. మన మెడికల్ షాపుల్లో మామూలుగా ఇచ్చేది 6 శాతం, 20 వాల్యూమ్స్ అని రాసి ఉంటుంది. నేను అది చూసుకోకుండా అదే కొలతలో పోసేశా, బుసబుసమని నురగ వచ్చింది, పురుగులు చచ్చాయి, వాటితోపాటు ఒక ట్రే మొలకలు కూడా పోయాయి. మన సీసా అయితే ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్లు. అదైనా తగిలిన పురుగు వరకే, గంటల్లో విరిగిపోయి నీరూ ఆక్సిజనూ అయిపోతుంది, గుడ్లు పొదిగితే మళ్లీ మొదటికే.

నన్ను బయటపడేసింది బీటీఐ. అసలు పేరు బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్, 1976లో ఇజ్రాయెల్‌లో నెగెవ్ ఎడారి ప్రాంతంలోని నీటి గుంటలో దొరికిన బాక్టీరియా, దోమ పిల్లలకి వాడేది ఇదే. ఇక్కడ ఒక మాట బాగా గుర్తుపెట్టుకోండి, మందుల కొట్టులో బీటీ అని అడిగితే నాకు గొంగళి పురుగులకి కొట్టే కుర్‌స్టాకి రకం చేతిలో పెట్టారు, మూడు వారాలు దాన్నే పోశా, అట్ట మీద అంకె కదలలేదు. ప్యాకెట్ మీద చివరి మాట ఇజ్రాయెలెన్సిస్ అని ఉండాలి. పురుగు దాన్ని తింటేనే కడుపులో పనిచేస్తుంది, గుడ్డుకి, ప్యూపాకి (పురుగు ఎగిరేదిగా మారే ముందు దశ), ఎగిరేదానికి ఏమీ కాదు. అందుకే ఒక్కసారి పోసి పనిచేయలేదు అనకండి. ప్యాకెట్ మీద కొలత చూసి, టబ్బులో కాకుండా నేరుగా ప్రతి నెట్ పాట్ మీద, మొలకల ట్రేలో, సాయంత్రం ఎండ పోయాక పోశాను, ఆరు రోజులకోసారి ఐదు సార్లు. గుడ్డు నుంచి ఎగిరేదాకా మూడు నాలుగు వారాలు పడుతుంది కాబట్టి అంతకాలం ఆపకూడదు. రెండో వారం దాకా ఏ మార్పూ లేదు, నాకు ఏడుపొచ్చింది, నాలుగో వారానికి అట్ట మీద పదకొండు.

అయినా ప్రతి వానాకాలం మళ్లీ వచ్చేవి. పైపులన్నీ విప్పి కడిగాను, నీళ్లు మార్చాను, ఎక్కడి నుంచి వస్తున్నాయో అర్థమయ్యేది కాదు. చివరికి బంగాళదుంప ముక్కలు బాల్కనీలో ఉన్న ప్రతి కుండీలో పెట్టి చూస్తే ఎక్కువ దొరికింది ఎక్కడో తెలుసా, మా అత్తయ్యగారి తులసి కుండీలో. రోజూ పొద్దున్నే చెంబుడు నీళ్లు, మట్టి ఎప్పుడూ ఆరదు, కింద ప్లేట్లో నీళ్లు నిలవ. నీళ్లు తగ్గించండి అని అడగటానికి నాకు నోరు రాలేదు, మా ఆయన అడిగితే "తులసమ్మకి నీళ్లు పొయ్యకుండా ఎలా ఉంటానురా" అన్నారు, ఆవిడ మాటా నిజమే. కుండీ మట్టి ఒక అంగుళం తీసేసి ఆ మేర ఆరిన ఇసుక పోశాం, కింద ప్లేటు తీసేశాం, చెంబు బదులు పంచపాత్రతో పోస్తున్నారు. ఇసుక పైన త్వరగా ఆరిపోతుంది, గుడ్లు పెట్టటానికి వాటికి తడి చోటు దొరకట్లేదు. పక్కనే తడిసిపోయి ఉన్న కోకోపీట్ ఇటుక సంచి కూడా పారేశా. హైడ్రోపోనిక్స్ చేసేవాళ్లం అందరం పైపుల్లోనే వెతుకుతాం, పారే నీళ్లలో అవి పెద్దగా పెరగవు, పక్క కుండీలు, మొలకల ట్రే, నెట్ పాట్ పైభాగం, ఇవి చూడండి ముందు.

నెట్ పాట్ పైన వెలుతురు తగిలి పచ్చటి పాచి పడుతుందే, అది వాటికి విందు భోజనం. నల్ల ఫోమ్ షీట్ గుండ్రంగా కోసి మధ్యలో గాటు పెట్టి మొక్క చుట్టూ తొడిగాను, పాచి పోయింది. మొలకల ట్రే మీద మామూలు దోమతెర వేస్తే దాంట్లోంచి దూరిపోయాయి, పాత షిఫాన్ చున్నీ కప్పి అంచులకి క్లిప్పులు పెడితే ఆగాయి.

ఈ జులైలో వారానికి అట్ట మీద నాలుగైదు మించి లేవు. పుదీనా దగ్గర మాత్రం ఇంకా ఉన్నాయి, వేళ్లు చాపలా అల్లుకుపోయి నీళ్లు నిలబడుతున్నాయి, ఫోమ్ మూత కూడా సరిగ్గా కూర్చోదు. ఆ నాలుగు హోల్స్‌లో పుదీనా తీసేసి విడిగా మట్టి కుండీలో, పైన ఇసుక పోసి పెడదామని చూస్తున్నా.